నిద్రపోని పిల్ల

మేడమీద గదిలో అద్దెకున్న పిల్ల నిద్రపోదని వీధిలో మొదట చెప్పింది ఆ ఇంటి పిన్నిగారే. పాలు పోసే అతనికి చెప్పింది, ఎదురింటి కోడలికి చెప్పింది, మీటరు చూడడానికి వచ్చిన మనిషిని కూడా నిలబెట్టి చెప్పింది.

"నా కళ్ళతో చూస్తున్నానుగా! తెల్లారేసరికి పనిలోంచి వస్తుంది. ఇలా మెట్లెక్కుతుందో లేదో, అలా కాలేజీకి దిగిపోతుంది. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి ఎక్కుతుంది. మళ్ళీ కాళ్ళు కడుక్కునేంతసేపు ఉండదు, పనికి దిగిపోతుంది. మరి పడుకునేదెప్పుడు? మనిషా, మరబొమ్మా?"

ఆ పిల్ల మనిషే. నిద్ర కూడా ఒళ్ళు తెలియకుండా పోతుంది. కాకపోతే ఆ పిల్ల ఒకతి కాదు, ఇద్దరు.

మొదటి పిల్ల కాలేజీలో చదివేది. చురుకైన కళ్ళు, పుల్లల్లాంటి చేతులు, నోరు తెరిస్తే గలగలా మాటలు. ఏం దొరికినా కొసలు కొరుక్కుంటూ తింటుంది కాబట్టి క్లాసులో అందరూ పిచ్చుక అనేవారు. ఆ పేరు పెట్టినవాళ్ళ మీద కోపం తెచ్చుకోవడానికి కూడా పిచ్చుకకు తీరిక లేదు. వాళ్ళమ్మ ఒక టైలరు దగ్గర చొక్కాలకు కాజాలు కుడుతుంది. కూతుర్ని కాలేజీకి పంపిన రోజు, "నేను బొత్తం పట్టేంత కన్నం చేసి పెట్టాను తల్లీ, దూరడం నీ పని" అంది. కాలేజీవాళ్ళు పిచ్చుకకు ఫీజు మాఫీ చేశారు. దానికి ఒకటే మెలిక. ఏ పరీక్షా తప్పకూడదు, ఏ పరీక్షకూ రాకుండా ఉండకూడదు. ఒక్కటి పోయినా మాఫీ పోయినట్టే, మాఫీ పోతే చదువు పోయినట్టే.

ఫీజు కాలేజీ చూసుకుంది. మిగతాదంతా, అంటే తిండీ, గదీ, సబ్బూ, పెన్నూ పిచ్చుక చూసుకోవాలి. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చే దారిలో ఇస్త్రీ షాపాయన పిల్లలకు ఎక్కాలు చెబితే వచ్చేదే ఆ పిల్ల రాబడి. దాన్ని ఎటు లాగినా కాళ్ళు కప్పితే తలకు చాలదు. అయినా ఆ పిల్లలో ఏడుపు లేదు. చాలీచాలని బతుకు పిచ్చుకకు ఒక పందెంలా ఉండేది. అయిపోయిందని హాస్టల్లో ఎవరో పారేసిన పేస్టు గొట్టాన్ని బ్లేడుతో కోసి తెరిస్తే లోపల ఇంకా వారానికి సరిపడా పేస్టు! ఆ రోజు నిధి దొరికినంత సంబరం. అరిగిపోయిన సబ్బు బిళ్ళలన్నీ తడిపి, గుడ్డలో బిగించి, ఎండబెడితే కొత్త సబ్బు. దానికి నాలుగు రంగులు, నాలుగు వాసనలు. "రాజుగారికి కూడా ఇలాంటి సబ్బు ఉండదు" అని అద్దంలో తనకు తానే చెప్పుకునేది.

మొదట్లో పెదనాన్న వరసయ్యే ఒకాయన ఇంట్లో, వంటింటి మూల పడుకునేది. ఒకరోజు వాళ్ళింటికి పెద్ద ఫ్రిజ్ వచ్చింది. పెట్టడానికి ఆ మూల తప్ప ఇంకెక్కడా చోటు లేదు. ఫ్రిజ్ లోపలికి వచ్చింది, పిచ్చుక బయటికి వచ్చింది. ఆ తరవాత కొన్నాళ్ళు పేస్టు గొట్టాలు పారేసే అమ్మాయిలతో హాస్టల్లో చాటుగా ఉంది. అక్కడి వార్డెను పట్టుకుని పంపేశాక, వెతగ్గా వెతగ్గా దొరికింది ఈ మేడమీద గది.

గది అంటే గది కాదు, డాబా మీద పెరటివైపు మూలన కట్టిన పెట్టె. ఒక మంచం, ఒక కిటికీ, గోడకు రెండు మేకులు. కింది వరండాలోంచి కాక, ఇంటి పక్కనుంచి మెట్లు. ఇంటి పిన్నిగారు వరండాలో, జాలీ తలుపు వెనక వాలుకుర్చీలో కూర్చుని మాట్లాడింది.

"గది ఒక్కరికే ఇస్తాను. ఇద్దరైతే గొడవ, ముగ్గురైతే సంత. ఈ ఇంట్లో చప్పుడు నాకు పడదు. ఒక్కదానివేగా?"

"ఒక్కదాన్నేనండీ పిన్నిగారూ" అంది పిచ్చుక. అప్పటికి అది నిజమే.

నెల తిరిగేసరికి తెలిసింది, అద్దె కడితే అన్నం లేదు, అన్నం తింటే అద్దె లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అప్పుడే ఎవరో చెప్పారు, బేకరీ వెనక గుమ్మం దగ్గర తెల్లవారుజామున బ్రెడ్డు మాడిన అంచులు చవగ్గా ఇస్తారని. పిచ్చుక రోజూ సంచీ పట్టుకుని వెళ్ళేది. అక్కడ మోచేతులదాకా పిండితో, కనుబొమ్మల మీద కూడా పిండితో ఒక భారీ ఆకారం నిలబడి ఉండేది. రాత్రంతా పిండి పిసికే మనిషి. వయసులో పిచ్చుక కన్నా కాస్త పెద్దది, ఒంట్లో రెండింతలు.

"ఏం పిల్లా, రోజూ మాడుముక్కలే అడుగుతావు? కుక్కకా?"

"అవునండీ. రెండు కాళ్ళ కుక్కకి."

ఆ మనిషి నవ్విన నవ్వుకు కనుబొమ్మల మీది పిండి రాలింది. ఆ రోజు నుంచి ఆమె బ్రెడ్డక్క, ఈమె పిచ్చుక. మాడని ముక్కలు కూడా సంచీలో పడడం మొదలైంది.

ఒక పొద్దున బ్రెడ్డక్క ఆవులిస్తూ గుమ్మానికి ఆనుకుని ఉంది. "ఇంకేముంది, పోయి బస్తాల మీద పడుకుంటాను. పిండి బస్తాలేనే నా పరుపు. సరుకు అయిపోయిన వారం కటిక నేలే. ఇల్లు తీసుకుందామంటే తమ్ముళ్ళకు పంపగా మిగిలేది ఏముంది? పిండి కొద్దీ రొట్టె."

"మా మంచం పగలంతా ఖాళీగానే ఉంటుంది" అంది పిచ్చుక, ఊరికే మాటవరసకు.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇద్దరి కళ్ళల్లోనూ ఒకే దీపం వెలిగింది.

ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు. ఒకటి పగలు, ఒకటి రాత్రి దూరితే ఎందుకు ఇమడవు? రాత్రి మంచం పిచ్చుకది, పగలు బ్రెడ్డక్కది. అద్దె చెరిసగం. వారానికోసారి బేకరీ మూసిన రోజు బ్రెడ్డక్క వాళ్ళ మేనత్త ఇంటికి పోతుంది, కాలేజీ సెలవు రోజున పిచ్చుక లైబ్రరీలో కూర్చుంటుంది. అంతా బాగానే ఉంది. జాలీ తలుపు వెనక ఉన్న పిన్నిగారి సంగతే తేలాలి.

ఆవిడ మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు. చూపు ఆనదు, జాలీలోంచి ఆకారం తప్ప మొహం తెలీదు. కానీ చెవులు పాము చెవులు. మెట్ల మీద అడుగు పడితే చాలు, "ఎవరూ?" అనేది. అందుకని పిచ్చుక ఒక కట్టుబాటు పెట్టింది. ఎక్కేది ముందు, దిగేది తరవాత. ఒకరు పైకి వస్తేగానీ రెండోవాళ్ళు కిందికి దిగకూడదు. ఇద్దరికీ ఒకే రకం చెప్పులు, ఒకే టపటప. తలమీంచి కప్పుకునే ముదురాకుపచ్చ శాలువా మాత్రం ఒకటే. ఎక్కినామె గుమ్మంలోనే విప్పి, దిగబోయే ఆమె మీద కప్పేది, పరుగుపందెంలో కర్ర అందించినట్టు.

"పిన్నిగారు ఏమడిగినా 'ఆఁ, పిన్నిగారూ' అను. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడకు" అని పిచ్చుక పాఠం చెప్పింది.

"కాదనాల్సిన మాట అడిగితే?"

"అయినా ఆఁ అనే అను. నీ గొంతు బస్సు హారను. రెండో మాటకు పట్టేస్తుంది."

మొదటి వారమే పిన్నిగారు, "రాత్రిళ్ళు ఎక్కడికే వెళుతున్నావు?" అని అడగనే అడిగింది. బ్రెడ్డక్క కంగారులో పాఠం మరిచిపోయి "బేకరీలో పనికండీ" అనేసింది. దాంతో కథ దానంతటదే అల్లుకుంది. పగలు కాలేజీ, రాత్రి బేకరీ. కష్టజీవి, పాపం, నిద్రపోని పిల్ల.

ఇక రాత్రిపూట పైన ఎవరూ లేనట్టే ఉండాలి. పిచ్చుక కిటికీకి బేకరీ అట్టపెట్టెలు అడ్డం పెట్టి, వెలుతురు బయటికి పోకుండా చదువుకునేది. పుస్తకంలో ఏదైనా లెక్క తేలితే ఎగిరి గంతెయ్యాలనిపించేది. గంతేస్తే కింద వినబడుతుంది కాబట్టి మంచం మీద కూర్చునే కాళ్ళు ఆడించుకునేది. ఒకసారి తుమ్ము ఆపుకోలేకపోయింది. మర్నాడు పొద్దున కాలేజీకి దిగుతుంటే జాలీ వెనకనుంచి, "అమ్మాయ్, రాత్రి నీ గదిలో పిల్లి దూరినట్టుంది, తుమ్మింది" అని వినబడింది.

"ఆఁ, పిన్నిగారూ."

"జలుబు చేసినట్టుంది దానికి. కాసిని వేడి పాలు పెట్టు."

పిచ్చుక వీధి మలుపు తిరిగి, గోడకు ఆనుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది.

కానీ పిన్నిగారికి రోజురోజుకీ బెంగ పట్టుకుంది. ఎదురింటి కోడలితో గుసగుసలాడేది. "ఇంకో వింత చెప్పనా? పొద్దున ఎక్కేటప్పుడు ఇంత లావుగా ఉంటుంది. దిగేటప్పటికి సగమైపోతుంది. సాయంత్రం పుల్లలా ఎక్కుతుంది, దిగేటప్పటికి ఉబ్బిపోయి ఉంటుంది. నిద్ర లేకపోతే నీరు పడుతుందంటారు, అదేనేమోనే."

ఆ బెంగ వెనక కారణం ఉంది. పిన్నిగారి భర్త రాత్రి బస్సు నడిపేవాడు, పగలు మోటార్లు బాగుచేసేవాడు. దొరికిన కాసేపూ ఈ వాలుకుర్చీలోనే కునుకు. ఆ కాసేపూ ఇల్లంతా అదిరిపోయే గురక. ఒకరోజు అలాగే కునుకు తీస్తానని కూర్చున్నాడు, గురక మధ్యలో ఆగిపోయింది. అప్పటినుంచి పిన్నిగారికి నిద్ర లేదు. కన్ను మూస్తే ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ నిశ్శబ్దంలో చెవి పెట్టి ఆగిపోయిన చప్పుడు కోసం వింటూ ఉంటుంది. ఇదంతా ఎదురింటి కోడలు పిచ్చుకకు చెప్పింది. విన్న రోజున పిచ్చుక బ్రెడ్డు అంచు తినకుండా పక్కన పెట్టేసింది. నిజం చెప్పేద్దామా అనుకుంది. చెబితే గది పోతుంది. పరీక్షలు అయ్యాక చెబుదాంలే అనుకుంది.

పరీక్షల్లో అన్నిటికన్నా గట్టిది ల్యాబు పరీక్ష. అది ఒకే పూట, మళ్ళీ పెట్టరు. ఆ పూట తలుపు మూశాక వచ్చినవాళ్ళు రానివాళ్ళ కిందే లెక్క.

ముందు రోజు సాయంత్రం బ్రెడ్డక్క మెట్లు దిగుతోంది. ఆ పూట బేకరీలో పెద్ద ఆర్డరు, ఆలస్యమైతే యజమాని చిందులేస్తాడు. జాలీ వెనకనుంచి పిన్నిగారు పిలిచింది.

"అమ్మాయ్, ఇలా విను. నేను ఒక నిశ్చయానికి వచ్చాను. రేపు పొద్దున నువ్వు పనిలోంచి రాగానే గేటుకు తాళం వేస్తాను. ఒక్కరోజు కాలేజీకి పోకపోతే కొంపలేం మునగవు. రేపు పగలంతా నువ్వు పడుకోవాలి. పడుకుంటావా?"

"ఆఁ, పిన్నిగారూ" అంది బ్రెడ్డక్క గేటు దాటుతూ. ఏమడిగిందో ఒక్క ముక్క చెవిన పడలేదు.

"మాటేనా?"

"ఆఁ, పిన్నిగారూ!"

మర్నాడు తెల్లవారింది. పిచ్చుక నాలుగు రంగుల సబ్బుతో చప్పుడు కాకుండా స్నానం చేసి, ఉతికి మంచం కింద మడతపెట్టిన డ్రెస్సు వేసుకుని, తయారుగా నిలబడింది. టపటపమని చెప్పుల చప్పుడు. బ్రెడ్డక్క ఒగరుస్తూ వచ్చి, శాలువా తీసి పిచ్చుక మీద కప్పి, వేడి బన్ను ఒకటి చేతిలో పెట్టింది.

"కొసలు కొరక్కుండా మొత్తం తిను. ఇవాళ నీ రోజు" అంటూనే మంచం మీద వాలింది. పిచ్చుక గుమ్మం దాటేలోపే గురక అందుకుంది.

పిచ్చుక రెండేసి మెట్లు దూకుతూ దిగింది. గేటు తోసింది. కదల్లేదు. చూస్తే గేటుకు, బస్సు డిపోల్లో వేసేలాంటి ఇత్తడి తాళం. తాళం వేసి అప్పుడే వెనక్కి తిరిగిన పిన్నిగారు చేతికర్రతో వరండాలో నిలబడి ఉంది. తాళంచెవి ఆవిడ కొంగున కట్టి ఉంది.

"ఎక్కడికి?"

"కాలేజీకండీ! పరీక్ష!"

"పరీక్షా లేదు, గిరీక్షా లేదు. పైకెళ్ళి పడుకో."

"అయ్యో పిన్నిగారూ, తాళం తియ్యండి, మీకు దణ్ణం పెడతాను!"

"నిన్న సాయంత్రం మాటిచ్చావా లేదా? రెండుసార్లు ఆఁ అన్నావు. పొద్దున్నే మాట మారుస్తావా?"

పిచ్చుకకు నిన్న సాయంత్రం ఆఁ అన్నది ఎవరో అర్థమైంది. తను నేర్పిన పాఠమే తన మెడకు చుట్టుకుంది. గేటు ఎక్కి దూకుదామంటే పైన గాజుపెంకులు. వీధి చివర కాలేజీ వైపు పోయే బస్సు హారను వినిపించింది, వినిపించి వెళ్ళిపోయింది.

"పిన్నిగారూ, ఈ పరీక్ష పోతే నా చదువు పోతుంది. మళ్ళీ పెట్టరు!"

"చదువు పోతే వస్తుంది. మనిషి పోతే వస్తుందా?" పిన్నిగారు కొంగున ఉన్న తాళంచెవిని గుప్పిట్లో పట్టుకుంది. "ఆయనా ఇలాగే అనేవాడు. ఇవాళ్టికి కానీ, రేపు పడుకుంటాలే అనేవాడు. నేను ఊరుకున్నాను. ఇంకోసారి ఊరుకోను. నా కళ్ళముందు ఇంకో మనిషిని అలా పోనివ్వను."

ఇక దాచి లాభం లేదు. గది పోతే పోనీ. పిచ్చుక గట్టిగా ఊపిరి తీసుకుంది.

"నేను రోజూ రాత్రి పడుకుంటూనే ఉన్నానండీ! బేకరీకి వెళ్ళేది నేను కాదు, ఇంకో అక్క. మేమిద్దరం. మంచం ఒకటే, మనుషులం ఇద్దరం. మీకు అబద్ధం చెప్పాం!"

పిన్నిగారు పిచ్చుకను ఎగాదిగా చూసింది. తరవాత మెల్లగా తల ఊపింది.

"అయిపోయింది. మతి కూడా చలించింది. ఒక్కతే ఉండి ఇద్దరున్నామంటోంది. ఏమ్మా ఎదురింటి అమ్మాయ్, వింటున్నావా? డాక్టరు దగ్గరికి ఎవరినైనా పంపు!"

"పిచ్చి కాదండీ! నిజం! చూపిస్తాను ఉండండి!"

పిచ్చుక మళ్ళీ మెట్లమీదికి ఉరికింది. మంచం మీద బ్రెడ్డక్క బోర్లా పడి ఉంది. గురకకు గోడమేకుకు తగిలించిన సంచీ ఊగుతోంది.

"అక్కా! అక్కా, లే! కొంప మునిగింది!"

ఊఁ లేదు, ఆఁ లేదు. భుజం పట్టి కుదిపింది. కాలు పట్టి లాగింది. చెవిలో అరిచింది. "అక్కా, పిన్నిగారు పిలుస్తున్నారు!"

"ఆఁ, పిన్నిగారూ" అంది బ్రెడ్డక్క నిద్రలోనే, అటు తిరిగి పడుకుంది.

పిచ్చుకకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. కూజా ఎత్తి చన్నీళ్ళు ఆమె మెడమీద కుమ్మరించింది. బ్రెడ్డక్క "పిండి తడిసిపోయిందిరోయ్!" అని కేక పెడుతూ లేచి కూర్చుంది. చెయ్యి పట్టుకుని డాబా అంచుకు లాక్కొచ్చి నిలబెట్టి, పిచ్చుక తిరిగి కిందికి పరుగెత్తింది.

పిన్నిగారు చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసింది. పైన దుప్పటి చుట్టుకుని, జుట్టులో పిండితో, నీళ్ళు కారుతున్న ఒక భారీ మనిషి. కింద శాలువాలో పుల్లలాంటి ఒక పిల్ల. పైకి చూసింది, కిందికి చూసింది. మళ్ళీ పైకి చూసింది. ఎదురింటి కోడలు గుమ్మంలో నోరు తెరుచుకుని నిలబడిపోయింది.

"నమస్కారమండీ" అంది పైనుంచి బస్సు హారను గొంతు. "లావుగా ఉండేది నేనేనండీ."

పిన్నిగారు తిడితే బాగుండుననిపించింది పిచ్చుకకు. ఆవిడ కొంగుముడి విప్పి, గేటుదాకా వచ్చి, తడుముకుంటూ తాళం తీసింది. తీసి మొదట అన్న మాట ఇదే.

"అయితే నువ్వు రాత్రిళ్ళు పడుకుంటున్నావన్నమాట."

"అవునండీ."

"బాగా పడుతుందా నిద్ర?"

పిచ్చుక తల దించుకుంది. "బాగానే పడుతుందండీ."

"నేను ఇంకోలా అనుకున్నానే" అంది పిన్నిగారు. "అందరూ పడుకున్న వేళ నాలాగే ఇంకో మనిషి ఎక్కడో మేలుకుని ఉందిలే అనుకునేదాన్ని. సరే, వెళ్ళు. పరీక్ష రాసుకో. మిగతాది వచ్చాక."

ఆ "వచ్చాక" అనే మాట మోసుకుంటూ పిచ్చుక పరుగు అందుకుంది. బస్సు పోయింది. ఆటో ఎక్కే తాహతు లేదు. శాలువా నడుముకు బిగించి, చెప్పులు చేతిలో పట్టుకుని, సందులన్నీ అడ్డంగా కోస్తూ పోయింది. కూరగాయల బండి పక్కనుంచి, నీళ్ళ ట్యాంకరు కిందినుంచి కారే తడిలో జారుతూ, ఇస్త్రీ షాపు ముందునుంచి. అక్కడ ఆయన పిల్లలిద్దరూ "టీచరూ, పరుగు! పరుగు!" అని చప్పట్లు కొట్టారు. కాలేజీ గేటు దాటి ల్యాబుదాకా పరుగే. ల్యాబు అటెండరు తలుపు గడియ మీద చెయ్యి వేసి ఉన్నాడు. పిచ్చుక ఆ చెయ్యి కిందినుంచి దూరి లోపల పడింది.

"ఏమిటమ్మా ఈ ఆలస్యం?" అన్నాడు పరీక్ష పెట్టడానికి వచ్చిన పెద్దాయన.

"మా ఇంటావిడ గేటుకు తాళం వేశారు సార్."

"ఎందుకు?"

"నన్ను పడుకోబెట్టడానికి సార్."

ల్యాబంతా గొల్లుమంది. ఆయన కూడా నవ్వు దాచుకోవడానికి కళ్ళజోడు తుడుచుకున్నాడు. "సరే, మెలకువగానే ఉన్నావుగా. మొదలుపెట్టు."

గాజు గొట్టంలో ఒక నీరు, కింద గాజుబుడ్డిలో ఇంకో నీరు. చుక్కచుక్కగా వదలాలి. చాలినంత పడగానే బుడ్డిలో నీరు లేత గులాబీ రంగుకు తిరుగుతుంది. ఒక్క చుక్క ఎక్కువైనా ముదిరిపోతుంది. పరుగెత్తి వచ్చిన ఆయాసం ఇంకా తగ్గలేదు. పిచ్చుక కళ్ళు మూసుకుని ఒక్క క్షణం ఆగింది. పేస్టు గొట్టంలో ఆఖరి బొట్టు పిండడం గుర్తొచ్చింది. దానికన్నా కష్టమా ఇది? పేస్టునీ, సబ్బునీ, పెన్నులో సిరానీ చుక్కల్లో వాడుకోవడం ఈ చేతికి కొత్తా? గొట్టం కొళాయి మెల్లగా తిప్పింది. ఒక చుక్క. ఇంకొక చుక్క. బుడ్డిలో ఒక మూల మబ్బులా గులాబీ తిరిగింది, మాయమైంది. ఇంకొక్క చుక్క, అది కూడా సగం. బుడ్డంతా పసిపిల్ల చెంపలా గులాబీ! పిచ్చుకకు గంతెయ్యాలనిపించింది. ఇక్కడ కింద ఎవరూ లేరు. ఒక్క గంతు వేసింది.

పెద్దాయన వంగి చూశాడు. బుడ్డి ఎత్తి పక్కవాళ్ళకు చూపించాడు. అదే చాలు.

ఇంటికి తిరిగి వస్తుంటే మాత్రం సంబరం అడుగడుగుకీ తగ్గుతూ వచ్చింది. వీధి మలుపు దగ్గర ఆగి మెడ చాచి చూసింది. తన బట్టల రేకుపెట్టె గేటు బయట పెట్టి ఉంటుందని అనుకుంది. లేదు. గేటు బార్లా తెరిచి ఉంది. జాలీ తలుపు కూడా తెరిచే ఉంది, వాలుకుర్చీ ఖాళీ. పిన్నిగారి చేతికర్ర మెట్ల మొదట్లో గోడకు ఆనించి ఉంది.

మెట్లెక్కలేని మనిషి పైకి ఎక్కిందంటే, బ్రెడ్డక్కను మెడపట్టి గెంటడానికే అయి ఉంటుంది. పిచ్చుక చెప్పులు చేత్తో పట్టుకుని, పిల్లిలా ఎక్కింది. సగం మెట్ల దగ్గరే గురక వినిపించింది. ఆగి చెవి పెట్టింది. ఒక గురక కాదు, రెండు. ఒకటి లారీ ఇంజను, రెండోది దాని పక్కన నడిచే చిన్న కుట్టుమిషను.

గుమ్మంలోంచి తొంగి చూసింది. మంచం మీద బ్రెడ్డక్క వెల్లకిలా పడి ఉంది. మంచం పక్కన నేలమీద పిన్నిగారు కూర్చుని ఉంది. తల మంచం పట్టె మీద వాల్చి, నోరు కాస్త తెరుచుకుని, చెయ్యి బ్రెడ్డక్క దుప్పటి కొసమీద ఉంచి, ఒళ్ళు తెలియని నిద్రలో ఉంది. ఏం అడగడానికి ఎక్కిందో, ఏం తిట్టడానికి ఎక్కిందో, తిట్టు మొదలుపెట్టకుండానే పడిపోయినట్టుంది. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు.

పిచ్చుక గుమ్మంలో చతికిలబడింది. పొద్దుటి బన్ను సంచీలో అలాగే ఉంది. కొసలు కొరక్కుండా తినమని అక్క చెప్పింది కానీ, ముందు కొసలే కొరికింది. పక్కింటి డాబా మీద కాకి అరిస్తే చెయ్యి ఊపి తోలింది. వీధిలో పాత సామాన్లు కొనేవాడు కేక మొదలుపెడితే డాబా అంచుకు పరుగెత్తి, వేలు పెదవి మీద పెట్టి, కళ్ళతో బతిమాలింది. వాడు అర్థం కాక, తనూ వేలు పెదవి మీద పెట్టుకుని, బండి మెల్లగా నెట్టుకుంటూ పోయాడు.

ఎండ వాలుతుండగా పిన్నిగారు కళ్ళు తెరిచింది. ఎక్కడున్నదో కాసేపు తెలియలేదు. తరవాత గుమ్మంలో ఉన్న పిచ్చుకను చూసి పైట సర్దుకుంది.

"ఎప్పుడొచ్చావు?"

"చాలాసేపైందండీ."

"లేపొద్దూ?"

"లేపితే పాపం తగులుతుందండీ."

"పరీక్ష?"

"గులాబీ రంగు వచ్చిందండీ!"

అంటే ఏమిటో పిన్నిగారికి తెలియదు. ఆ పిల్ల మొహం చూసి మంచిదేనని తెలుసుకుంది. ఈ మాటలకు బ్రెడ్డక్క కూడా లేచి కూర్చుని, ఎదురుగా పిన్నిగారిని చూసి, దుప్పటి నెత్తిమీదికి లాక్కుంది.

"ముసుగు తియ్యవే, ఇంకా దాగుడుమూతలేమిటి?" అంది పిన్నిగారు. "ఇద్దరూ వినండి. గది ఒక్కరికే అని ముందే చెప్పాను. అబద్ధమాడారు. పిల్లి తుమ్మిందంటే ఆఁ అన్నారు. దీనికి శిక్ష ఉంది."

పిచ్చుక నడుముకున్న శాలువా ముడి పట్టుకుంది.

"మొదటిది, ఆ శాలువా ఇటు పారెయ్యండి. ఎవరు ఎవరో నాకు తెలియాలి. రెండోది, నీళ్ళు ఇద్దరు వాడుతున్నారు కాబట్టి నీళ్ళ ఖర్చు కాస్త ఎక్కువ కట్టాలి. ఊరికే వదలను. మూడోది..." అని బ్రెడ్డక్క వైపు తిరిగింది. "ఈ గది ఒక్కరికే. కాబట్టి నువ్వు ఇక్కడ పడుకోవడానికి వీల్లేదు."

"మరి అక్క ఎక్కడికి పోతుందండీ?" పిచ్చుక లేచి నిలబడింది. "అక్కను పంపేస్తే నేనూ పోతాను."

"నోరు ముయ్యి, మధ్యలో గెంతకు! కింద హాల్లో పడుకుంటుంది. నా కుర్చీ పక్కన. పగలంతా."

బ్రెడ్డక్క ముసుగులోంచి మొహం బయటపెట్టింది. "అమ్మో, వద్దండీ పిన్నిగారూ. నా గురక మీకు తెలియదు. బేకరీలో పిండి మిషను ఆగిపోయినా ఎవరికీ తెలియదంటారు. మీకు చప్పుడు పడదు కదా."

పిన్నిగారు మంచం పట్టె పట్టుకుని మెల్లగా లేచింది. మోకాళ్ళు నిమురుకుంది. "ఆ చప్పుడు వేరు" అంది. "పడుకుంటావా లేదా?"

బ్రెడ్డక్క పిచ్చుక వంక చూసింది. ఇద్దరికీ ఒకే మాట నోటిదాకా వచ్చింది.

"ఆఁ, పిన్నిగారూ!"

"ఈసారి విని అన్నారా, వినకుండా అన్నారా?" అంది ఆవిడ.

ఆ తరవాత వారం రోజులకే పాలు పోసే అతను వీధిలో కొత్త కబురు మోసుకెళ్ళాడు. పొద్దున అతను వచ్చేసరికి పాలగిన్నె ఎప్పటిలా పిన్నిగారి చేతిలో లేదు, మెట్ల మీద బోర్లించి ఉంది. జాలీ లోపలినుంచి లారీ ఇంజనూ, కుట్టుమిషనూ కలిసి నడుస్తున్న మోత వస్తోంది. పుస్తకాల సంచీ భుజాన వేసుకుని కాలేజీకి దిగుతున్న పిచ్చుక, అతను నోరు తెరవబోతుండగానే వేలు పెదవి మీద పెట్టింది.

"ష్! పిన్నిగారు పడుకున్నారు."